పటం కట్టించడానికి ఒక్క ఫోటో

(ఆగస్టు 19, ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం రోజు సాయంత్రం విజయనగరంలోని ఒక గ్రంథాలయంలో, చాలా కాలం స్టూడియో నడిపిన ఫోటోగ్రాఫర్ ఒకరు చేసిన ప్రసంగం. ఆయన మాట్లాడిన తీరులోనే రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం.

రెండేళ్ల కిందట, ఇలాగే వానలు పడుతున్న రోజుల్లో, నెల్లిమర్ల వైపు నుంచి ఒక పెద్దావిడ మా స్టూడియోకి వచ్చింది. కొంగు ముడి విప్పి ఒక సెల్‌ఫోను తీసి బల్ల మీద పెట్టింది. తడి గుడ్డలో చుట్టి తెచ్చింది. "బాబూ, ఇందులో మా ముసిలోడున్నాడు. ఎలాగైనా బయిటికి తియ్యాల" అంది.

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత మెల్లిగా చెప్పింది. భర్త పోయి వారం. నాలుగు రోజుల్లో పెద్దకర్మ. పటం కట్టించాలి. ఆయన ఫోటోలన్నీ ఆ ఫోనులోనే ఉన్నాయి. మనవడు తీసినవి, పండక్కి తీసినవి, రామతీర్థం వెళ్లినప్పుడు తీసినవి. ఇల్లంతా జనం తిరిగే హడావిడిలో ఎవరి చేతిలోంచో జారి నీళ్ల డ్రమ్ములో పడిపోయింది. నేను ఇద్దరు మెకానిక్కులకి చూపించాను. మూడో అతన్ని విశాఖపట్నంలో పట్టుకున్నాను. బోర్డు మీద చిప్పు పాడైపోయిందన్నాడు. పాడవకపోయినా లాకు తెలియకుండా అందులో ఉన్నది చదవడం కుదరదన్నాడు. ఆవిడ సంగతి మళ్లీ చెప్తాను. ఈ రోజు నేను మాట్లాడటానికి ఒప్పుకున్నది ఆవిడ వల్లే.

ఇవాళ ఆగస్టు 19 అని మనం గుర్తు పెట్టుకోవడానికి కారణం ఉంది. 1839లో ఇదే తేదీన డగేర్ అనే ఆయన పద్ధతిని ఫ్రాన్సు ప్రభుత్వం లోకమంతటికీ బయటపెట్టింది. వెండి పూత పూసిన రాగి రేకు మీద బొమ్మ నిలబెట్టే పద్ధతి అది. మన లెక్కలో చెప్పుకుందాం. బొబ్బిలి యుద్ధం 1757 జనవరిలో జరిగింది. అంటే ఈ పద్ధతి బయటికి రావడానికి 82 ఏళ్ల ముందు. తాండ్ర పాపారాయుడి మీసం ఎలా ఉండేదో, ముక్కు ఎలా ఉండేదో మనలో ఎవరికీ తెలియదు. విగ్రహాలు పెట్టుకున్నాం, బొమ్మలు వేసుకున్నాం, అన్నీ ఊహలే. అదే గురజాడ వారు 1915లో పోయారు, గిడుగు వారు 1940లో, మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు 1942లో, హరికథల ఆదిభట్ల నారాయణదాసు 1945లో. వీళ్లందరి ముఖాలూ మనకు తెలుసు. ఈ గదిలో చిన్నపిల్లలు కూడా గురజాడ తలపాగా చూసి గుర్తుపడతారు. ఎవరో ఒక మనిషి వాళ్లని కెమెరా ముందు కూర్చోబెట్టాడు, ఇంకెవరో ఆ కాగితాన్ని పారెయ్యకుండా పెట్టెలో పెట్టారు. ఆ రెండో మనిషి గురించి మనం ఎప్పుడూ మాట్లాడుకోం. నాకైతే ఆ రెండో మనిషే ముఖ్యం.

డగేర్ కంటే ముందు నియెప్స్ అనే ఆయన ఉన్నాడు. 1826లోనో 1827లోనో తన ఇంటి కిటికీలోంచి కనపడే పెరటి కప్పుల్ని ఒక లోహపు పలక మీద పట్టాడు. కెమెరాతో తీసిన ఫోటోల్లో ఇప్పటిదాకా మిగిలినవాటిలో అదే పాతది. అమెరికాలో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఉంది. దగ్గర దగ్గర రెండువందల ఏళ్లు. దాన్ని చూడ్డానికి ఛార్జరు అక్కర్లేదు, పాస్‌వర్డు అక్కర్లేదు. వెలుతురు సరిగ్గా పడితే చాలు.

నేను 1976లో శ్రీకాకుళంలో ఒక స్టూడియోలో పనికి చేరాను. పద్నాలుగేళ్ల వాణ్ని. నాగావళికి నడిచి వెళ్లేంత దూరం. మా గురువుగారు మొదటి ఏడాది నన్ను కెమెరా ముట్టుకోనివ్వలేదు. నీళ్లు మొయ్యడం, ట్రేలు కడగడం, ప్రింట్లు కడగడం. ఏడాదంతా అదే పని. మన భాషలో ఫోటోలు 'కడిగించడం' అంటాం చూడండి, "రీలు కడిగించావా", "ఫోటోలు కడిగించారా" అని. ఆ మాటలో ఎంత నిజం ఉందో నాకు ఆ ఏడాదిలో తెలిసింది.

డార్క్ రూమ్, అంటే ఫోటోలు కడిగే చీకటి గది, చూడని పిల్లలు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. బ్రోమైడ్ కాగితం అంటే జెలటిన్ పూత, ఆ పూతలో వెండి లవణాల రేణువులు. నెగెటివ్ అంటే వెలుగు నీడలు తారుమారుగా పడిన ఫిల్ము. దాన్ని ఎన్‌లార్జర్‌లో, అంటే బొమ్మని పెద్దది చేసే యంత్రంలో పెట్టి, కాగితం మీద వెలుగు వేస్తాం. అప్పటికి కాగితం తెల్లగానే ఉంటుంది, ఏమీ కనపడదు. తీసి డెవలపర్ అనే మందు నీళ్లలో వేస్తే, ఎర్ర దీపం కింద, మెల్లిగా ముఖం పైకి వస్తుంది. మొదట జుట్టు, కళ్లు, బొట్టు. తర్వాత తక్కినవన్నీ. ఎన్ని వేల సార్లు చూశానో తెలియదు, ఆ క్షణంలో నాకు ఊపిరి ఆగని రోజు లేదు. వెలుగు తగిలిన చోట లవణం విడిపోయి వెండి అవుతుంది. ఫోటోలో మీరు నలుపు అనుకునేది సిరా కాదు, సన్నని వెండి పొడి. మన తాతల ముఖాలు వెండితో గీసినవి.

అయితే అక్కడితో పని అవ్వదు. వెలుగు తగలని లవణం ఇంకా కాగితంలో ఉంటుంది. దాన్ని తియ్యకపోతే బయటికి తెచ్చిన కాసేపటికి బొమ్మంతా నల్లబడిపోతుంది. దాన్ని కరిగించేది హైపో అనే రసాయనం. హైపోకి ఈ గుణం ఉందని హెర్షెల్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1819లోనే కనిపెట్టాడు. ఇరవై ఏళ్లకి, 1839లో, అది ఫోటోలకి పనికొచ్చింది. ఇక అసలు తిప్పలు ఇక్కడ మొదలవుతాయి. హైపో తన పని చేశాక కాగితంలోంచి పూర్తిగా పోవాలి. పోకపోతే అందులో ఉన్న గంధకం వెండిని పట్టుకుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఫోటో పసుపు తిరుగుతుంది, తర్వాత గోధుమ రంగు, తర్వాత వెలిసిపోతుంది. మీ ఇళ్లలో పసుపు పట్టిన పాత ఫోటోలు ఉంటే చాలావరకు కారణం వయసు కాదు, కడుగుడు. మందపాటి కాగితాన్ని పారే నీటిలో గంటసేపు కడగాలి. మే నెలలో మన ఊళ్లలో గంటసేపు పారే నీళ్లు ఎక్కడివి? బకెట్లు మార్చి మార్చి కడిగేవాళ్లం. పెళ్లిళ్ల సీజన్లో తొందరపడి తీసేసిన ప్రింట్లు ఇప్పుడు నా దగ్గరికి మరమ్మతుకి వస్తే, చూడగానే చెప్పగలను ఇది వేసవిలో కడిగిందని.

మా గురువుగారి దగ్గర ఒక చిన్న సీసా ఉండేది. పొటాషియం పర్మాంగనేట్ వేసిన గులాబీ రంగు నీళ్లు. ప్రింటు మూల పట్టుకుని పైకెత్తి, దాన్నుంచి జారే నాలుగు చుక్కలు ఆ నీళ్లలో పడనిచ్చేవారు. గులాబీ రంగు పోయిందంటే హైపో ఇంకా ఉన్నట్టు. "మళ్లీ కడుగు" అనేవారు. ఇంకో మాట లేదు. రాత్రి పదకొండు దాటినా సరే. అప్పుడు నాకు కోపం వచ్చేది. ఆయన కడిగించిన ప్రింట్లు ఇవాళ ఆ బల్ల మీద కొన్ని ఉన్నాయి, తర్వాత చూడండి. నిన్న తీసినట్టున్నాయి.

కాగితం ఫోటోలన్నీ చిరంజీవులని నేను చెప్పడం లేదు. రంగు ఫోటోల్లో వెండి ఉండదు, అద్దకం రంగులు ఉంటాయి. 70లలో తీసిన కలర్ ప్రింట్లు చాలావాటిలో నీలం పోయి ఎరుపు మిగిలిపోయింది. చీకట్లో పెట్టెలో ఉంచినా పోయింది, అప్పటి రంగులే అంత. తర్వాత కాగితాలు మెరుగుపడ్డాయి. చెదలు, వాన, గోడ నిమ్ము, వంటింటి పొగ, పిల్లల కత్తెర, అన్నీ కాగితానికి శత్రువులే. అందరూ ముచ్చటపడి కొన్న జిగురు పేజీల ఆల్బమ్ ఒకటుంది, పైన ప్లాస్టిక్ పొర ఉండేది. అది చాలా ఇళ్లలో పెళ్లి ఫోటోల్ని తినేసింది. జిగురు కాగితానికి పట్టేసి, ఇప్పుడు తీస్తే చిరుగుతాయి. ఇవన్నీ నిజమే.

కానీ ఒక్కటి గమనించండి. కాగితం చావు కళ్లకు కనపడుతుంది. మూల పసుపు తిరిగినప్పుడే మీకు తెలుస్తుంది. పదేళ్ల టైముంటుంది మీకు, కాపీ తీయించుకోవడానికి. ఇంకొకటి, కాగితం ఎవరూ పట్టించుకోకపోయినా బతుకుతుంది. మీ అమ్మమ్మ ట్రంకుపెట్టె అడుగున చీరల కింద, రామాయణం పేజీల మధ్య, దేవుడి పటం వెనక, బియ్యం డబ్బా మీద పెట్టిన చేటలో. యాభై ఏళ్లు ఎవరూ తొంగిచూడలేదు. తీసి చూస్తే మనిషి నవ్వుతూనే ఉన్నాడు.

ఫైలు అలా కాదు. ఫైలుకి ఎప్పుడూ ఎవరో ఒకరు కాపలా ఉండాలి.

ఎందుకో చెప్తాను. ఫోనులో, పెన్‌డ్రైవ్‌లో, మెమరీ కార్డులో మన ఫోటో ఉండేది విద్యుత్ ఆవేశం రూపంలో. కంటికి కనపడనంత చిన్న గదుల్లో ఎలక్ట్రాన్లని బంధించి పెడతారు. గోడలు ఎంత గట్టివైనా, కరెంటు ముట్టకుండా ఏళ్ల తరబడి వదిలేస్తే అవి కొద్దికొద్దిగా కారిపోతాయి. వేడి ఎక్కువైతే ఇంకా తొందరగా కారతాయి. కంప్యూటర్లో సమాచారం దాచడానికి పెట్టే ఎస్‌ఎస్‌డి అనే మామూలు డ్రైవ్‌కి ఒక ప్రమాణం ఉంది. దాని రాత సామర్థ్యం అంతా వాడేశాక, కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఒక ఏడాది సమాచారం నిలబెట్టాలి. అంతకు మించి హామీ లేదు. కొత్తదైతే ఇంకా ఎక్కువే ఉంటుంది, నిజమే. కానీ మన మే నెలలో బీరువాలో 30 డిగ్రీలు ఎక్కడ ఉంటుంది చెప్పండి? పెళ్లికి పెన్‌డ్రైవ్ ఇస్తాం మేం ఇప్పుడు. వాళ్లు దాన్ని నగల డబ్బాలో భద్రంగా దాచుకుంటారు. బంగారంలా దాచితే నిలుస్తుందనుకుంటారు. దాచడమే దానికి పడదు.

సీడీల సంగతి మీకు తెలిసిందే. 2000 తర్వాత పదేళ్లపాటు ప్రతి పెళ్లీ సీడీలోనో డీవీడీలోనో ఇచ్చాం. మేం రాసిచ్చే సీడీలో ఉన్నది కూడా అద్దకం రంగు పొరే, అదీ వెలిసిపోతుంది. వెలవకపోయినా, సీడీ పెట్టుకునే చోటున్న ల్యాప్‌టాప్ ఇప్పుడు మీలో ఎంతమంది ఇంట్లో ఉంది? అంతకు ముందు ఫ్లాపీ. 1.44 మెగాబైట్లు. ఇవాళ మీ ఫోనుతో తీసిన ఒక్క ఫోటో అందులో పట్టదు. మా తాతల ఫోటో చూడ్డానికి నాకు కళ్లు చాలు. మా పెద్దమ్మాయి పెళ్లి చూడ్డానికి నాకు ఒక యంత్రం కావాలి, ఆ యంత్రం ఇప్పుడు చాలా ఇళ్లలో లేదు.

ఇక ఫైలు పాడయ్యే తీరు. ఫోటోని ఫైలుగా రాసే జేపెగ్ అనే పద్ధతి 1992లో ప్రమాణమైంది. బొమ్మని లెక్కలుగా మార్చి, కుదించి, ఒకదాని మీద ఒకటి ఆనేట్టు పేర్చి రాస్తుంది. మొదట్లో ఉండే కొద్ది అంకెల్లో తేడా వస్తే ఫైలు మొత్తం తెరుచుకోకపోవచ్చు. మధ్యలో పోతే అక్కణ్నుంచి కిందికంతా బూడిద రంగు. కాగితం పాడైతే ముఖం మీద మరక పడుతుంది. ఫైలు పాడైతే ముఖమే ఉండదు.

ఈ తేడా నాకు పుస్తకాల్లో దొరకలేదు. తిత్లీ తుపాను నేర్పింది.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. అంతకు నాలుగేళ్ల ముందు, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని కొట్టింది, అప్పుడు విజయనగరం కూడా వణికింది. తిత్లీకి దెబ్బ తిన్నది శ్రీకాకుళం జిల్లా తీరం వైపున్న ఉద్దానం ప్రాంతం. కొబ్బరి, జీడి తోటలు నేలకి పడుకున్నాయి. మా ఆవిడ పుట్టిల్లు మందస వైపు. దార్లో చెట్లు తీస్తూ తీస్తూ మేం వెళ్లేసరికి మూడో రోజు. ఇంటి కప్పు ఎగిరిపోయి ఉంది. ట్రంకుపెట్టెల్లో నీళ్లు.

ఊళ్లో ఆడవాళ్లు బియ్యం, బట్టలు ఆరబోసుకుంటున్నారు. ఆ పక్కనే ఫోటోలు కూడా ఎండలో పరుస్తున్నారు. నేను గబగబా వెళ్లి ఆపాను. తడిసిన ఫోటోలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నప్పుడు ఎండబెట్టారంటే జెలటిన్ జిగురులా గట్టిపడుతుంది, ఇక విడవు. చల్లటి శుభ్రమైన నీళ్లలో మళ్లీ నానబెట్టాలి. తడిసినదాన్ని మళ్లీ తడపమంటాడేమిటని వాళ్లు నన్ను వింతగా చూశారు. మంచినీళ్లకే కటకటగా ఉంది, కరెంటు లేదు, మోటార్లు లేవు. అయినా ఒక అప్ప బావిలోంచి చేది పోసింది. చదునైన టబ్బుల్లో వేసి, వాటంతట అవి వదిలేదాకా ఆగి, ఒక్కొక్కటీ అంచు పట్టుకుని తీసి, పాత పంచె మీద ముఖం పైకి ఉండేట్టు నీడలో పరిచాం. రెండు రోజులు అదే పని. పద్నాలుగేళ్ల వయసులో మా గురువుగారు నాతో చేయించిన పనే.

కొన్ని పోయాయి. చాలా నిలిచాయి. ఒక ఫోటోలో పెళ్లికూతురి ముఖం సగం కొట్టుకుపోయింది, సగం ఉంది. ఆ సగం చూసి వాళ్లమ్మాయి అంది, "మా అమ్మ కన్ను ఇలాగే ఉండేది". నాకది చాలు.

అదే ఊళ్లో తడిసిన ఫోన్లు కూడా తెచ్చారు నా దగ్గరికి. పదీ పన్నెండు ఉంటాయి. వాటిని నేను ఏం చెయ్యగలను? బియ్యంలో పెట్టారు, ఎండలో పెట్టారు. రెండో మూడో వెలిగాయి. మిగిలినవి వెలగలేదు. నీళ్లల్లో సగం మిగిలే గుణం వాటికి లేదు.

న్యాయంగా ఇంకోటి కూడా చెప్పాలి. ఒక ఇంట్లో పెట్టె పెట్టే కొట్టుకుపోయింది, ఒక్క ఫోటో దొరకలేదు. వాళ్లబ్బాయి హైదరాబాద్‌లో పనిచేస్తాడు. అంతకు ముందు సంక్రాంతికి వచ్చినప్పుడు గోడ మీది పటాలన్నిటికీ ఫోనుతో ఫోటోలు తీసుకుపోయాడట. అవి పంపిస్తే నేను మళ్లీ ప్రింట్లు వేసిచ్చాను. అద్దం మీద మెరుపు పడింది, కాస్త వంకరగా ఉన్నాయి, అయినా మనుషులు తిరిగొచ్చారు. కాగితానికి లేని బలం అది. ఒకే క్షణంలో ఊరు దాటి, సముద్రం దాటి ఇంకో చోట ఉండగలదు. నేను ఫోనుని తిట్టడానికి ఇక్కడికి రాలేదు. ఫోను మీద అది మొయ్యలేనంత బరువు మనం పెట్టేశామని చెప్పడానికి వచ్చాను.

ఇప్పుడు నెల్లిమర్ల ఆవిడ దగ్గరికి వస్తాను. ఫోను తెరుచుకోలేదని చెప్తే ఆవిడ ఏడవలేదు. బల్ల ముందు కూర్చుండిపోయింది. నాకు ఏదైనా చెయ్యాలనిపించింది. "మీరెప్పుడైనా మా స్టూడియోకి వచ్చారా అమ్మా" అని అడిగాను. పెళ్లయిన కొత్తలో వచ్చామంది. నేను విజయనగరంలో స్టూడియో పెట్టింది 1984లో. నెగెటివ్‌లు పారెయ్యలేదు, కాగితం కవర్లలో పేర్లు, తేదీలు వేసి పెట్టెల్లో పెట్టాను. అటకెక్కి రెండు రాత్రులు వెతికాను. దొరికింది. ఇద్దరూ కుర్చీల్లో కూర్చున్న నలుపు తెలుపు ఫోటో. ఆయన తల నూనె రాసి పక్కకి దువ్వుకున్నాడు, ఆవిడ ఒళ్లో చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక పెట్టుకుంది. నెగెటివ్ ఒక్క గీత లేకుండా ఉంది. స్కాన్ చేసి, ల్యాబ్‌లో పెద్దది వేయించి, పెద్దకర్మ ముందురోజు ఆవిడ చేతిలో పెట్టాను. చాలా సంతోషపడుతుందనుకున్నాను.

ఆవిడ చాలాసేపు చూసింది. వేలితో ముట్టుకుంది. ఆ తర్వాత అంది, "ఈడు కాదు బాబూ. నానెరిగిన ముసిలోడు ఈడు కాదు. ఈడితో నాను ఎన్నాళ్లున్నాను? తెల్లజుట్టోడితోనే కదా ఉన్నాను."

నేను సమాధానం చెప్పలేకపోయాను. ఇప్పటికీ లేదు నా దగ్గర. పాతికేళ్ల కుర్రాడు నలభై ఏళ్లు నా అటక మీద భద్రంగా ఉన్నాడు. ఆవిడతో మొన్నటిదాకా అన్నం తిన్న మనిషి ఎక్కడా లేడు. చివరికి ఆధార్ కార్డు ఫోటోని పెద్దది చేసి పటం కట్టాం. మీకు తెలుసు ఆధార్ ఫోటో ఎలా ఉంటుందో. దానికే దండ వేశారు.

ఇది ఒక్క ఆవిడ కథ అయితే నేను సభ దాకా తెచ్చేవాణ్ని కాదు. ఏ స్టూడియో వాణ్నైనా అడగండి. ఇంట్లో మనిషి పోయాక పటం కోసం వచ్చేవాళ్లు ఇప్పుడు ఏం తెస్తున్నారు? ఎవరిదో పెళ్లిలో వెనక వరసలో నిలబడ్డ బొమ్మ, వాట్సాప్ గ్రూపులోంచి తీసింది. వాట్సాప్ మామూలుగా పంపితే ఫోటోని కుదించి పంపుతుంది. ఎప్పుడు తీశారో చెప్పే వివరాలు కూడా లోపలినుంచి తీసేస్తుంది. ఒకరి నుంచి ఒకరికి నాలుగు చేతులు మారి వచ్చేసరికి కళ్లున్న చోట నాలుగు చుక్కలుంటాయి. దాన్ని 12కి 15 అంగుళాల సైజు చెయ్యమంటారు. ఎలా చెయ్యను? ఫోనులో వేల ఫోటోలుంటాయి. ఆ మనిషి నిదానంగా కూర్చుని కెమెరా వైపు చూసిన ఫోటో ఒక్కటి ఉండదు. మా చిన్నప్పుడు ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని పెద్దవాళ్లు భయపడేవారు, జన్మకి ఒకటో రెండో తీయించుకునేవారు. ఆ ఒక్కటీ ఉండేది.

క్లౌడ్ గురించి పిల్లలు అడుగుతారు, "అంకుల్, అన్నీ క్లౌడ్‌లో ఉన్నాయి కదా" అని. ఉన్నాయి. వేరేవాళ్ల కంప్యూటర్లో ఉన్నాయి, వాళ్ల షరతుల మీద. ఆర్కుట్ అనే సైటు గుర్తుందా? మన పిల్లలు కాలేజీ ఫోటోలు అక్కడే పెట్టుకున్నారు. 2014 సెప్టెంబర్ 30న మూసేశారు. ముందుగా చెప్పారు, దించుకొమ్మన్నారు. ఎంతమంది దించుకున్నారు? గూగుల్ ఫోటోస్ 2015 నుంచి ఎన్నైనా ఉచితంగా పెట్టుకోనిచ్చింది. 2021 జూన్ 1 నుంచి ఆ ఉచితం ఆగింది. రెండేళ్లపాటు ఎవరూ తెరవని ఖాతాలని తీసేసే నియమం 2023 డిసెంబర్ నుంచి అమల్లో పెట్టారు. వాళ్ల తప్పని నేననను, ముందే చెప్పి చేశారు. కానీ ఆలోచించండి. మనిషి పోయాక ఖాతా ఎవరు తెరుస్తారు? పాస్‌వర్డు ఎవరికి చెప్పి పోయాడు? ట్రంకుపెట్టెకి తాళం పోతే పగలగొట్టేవాళ్లం.

ఇంటర్నెట్‌కి పునాది వేసినవాళ్లలో వింట్ సెర్ఫ్ ఒకరు. ఆయనే 2015లో హెచ్చరించారు, ఈ డిజిటల్ కాలం రాబోయే తరాలకి చీకటి యుగంలా మిగలొచ్చని, బాగా ఇష్టమైన ఫోటోలుంటే ప్రింటు వేసుకోండని. యంత్రం చేసినాయనే కాగితం మాట చెప్పాడంటే మనం వినాలి.

నేను అడిగేది పెద్ద పనేం కాదు. ఏటా ఒకసారి, సంక్రాంతికి అందరూ ఇంట్లో ఉన్నప్పుడు, ఆ ఏడాది ఫోటోల్లోంచి పాతిక ఎంచండి. వేలల్లోంచి పాతిక ఎంచడం కష్టం, కూర్చుని వాదించుకోండి, ఆ వాదన కూడా మంచిదే. వాటిని ప్రింటు వేయించండి. షాపులో అడగండి, ఇది ల్యాబ్ ప్రింటా, చవక ఇంక్‌జెట్టా అని. చవక ఇంకుతో వేసింది ఎండ తగిలే గోడ మీద కొన్నేళ్లకే పాలిపోతుంది. గోడకి పెట్టే పటానికి ఎండ తగలని గోడ చూడండి. జిగురు పేజీల ఆల్బమ్ వద్దు, మూలలు పెట్టే ఆల్బమ్ కొనండి. అటక మీద కాదు, అటక పొయ్యిలా కాగుతుంది. బీరువాలో మధ్య అర మంచిది. ఫైళ్లు కూడా ఉంచండి, రెండు వేరు వేరు వస్తువుల్లో, ఒకటి వేరే ఊళ్లో పిల్లల దగ్గర. ఏడాదికోసారి తెరిచి చూడండి, కొన్నేళ్లకోసారి కొత్తదానిలోకి మార్చండి. ఇంట్లో ఉన్న పాతవాటిని స్కాన్ చేయించండి, 600 డీపీఐకి, అంటే అంగుళానికి 600 చుక్కలకి, తగ్గకుండా. స్కాన్ చేశాం కదా అని అసలుదాన్ని మాత్రం పారెయ్యకండి. అలా పారేసి ఏడ్చినవాళ్లని చూశాను.

ఇంట్లో పెద్దవాళ్లని ఒకసారి నిదానంగా కుర్చీలో కూర్చోబెట్టి, కిటికీ వెలుగులో, ఒక్క ఫోటో తీయండి. తెల్లజుట్టుతోనే. రంగెయ్యొద్దు, ముడతలు చెరపొద్దు. వాళ్లు బతికుండగానే ప్రింటు వేసి వాళ్ల చేతికివ్వండి.

ఫోటో వెనక పేర్లు రాయండి. ఇది మాత్రం నేను బతిమాలి అడుగుతున్నాను. మెత్తటి పెన్సిల్‌తో, ఒత్తకుండా. బాల్‌పెన్ను వద్దు, గీత ముందుకి ఉబ్బుతుంది. ఇప్పటి ప్లాస్టిక్ పూత కాగితం మీద పెన్సిల్ పడదు, దానికి ఆల్బమ్‌లో పక్కన చీటీ రాసి పెట్టండి. ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరం. మీకు తెలిసినవాళ్లే కదా అని వదిలేస్తారు. మీ మనవడికి తెలియదు.

(ఒక ఫోటో పైకెత్తి చూపిస్తూ) వెనక వాళ్లకి కనపడుతోందా? ఇది రంగంలో తీసిన ఫోటో. రంగం అంటే బర్మాలోని రంగూన్, ఇక్కడి ముసలివాళ్లకి చెప్పక్కర్లేదు. మన తీరం నుంచి ఓడలెక్కి కూలికి, వ్యాపారానికి ఎంతమంది వెళ్లారో మీ ఇళ్లలోనే కథలుంటాయి. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు లక్షల మంది అడవుల్లో, కొండల్లో నడిచి తిరిగొచ్చారు. ఈ ఫోటో అలా నడిచొచ్చింది. తెచ్చినాయన మనవడు కాపీ కోసం నా దగ్గరికి వస్తే అన్నాడు, తాత తెచ్చుకున్నవి రెండే, ఒక ఇత్తడి చెంబు, ఈ ఫోటో అని. మధ్యలో మడత ఉంది చూడండి, నాలుగు మడతలు పెట్టి మొలలో దోపుకున్నాడట. కుడి మూల చెద తిన్నది. ఈ అమ్మాయి చెవికున్న దుద్దు మాత్రం ఇంకా మెరుస్తోంది.

వెనక పెన్సిల్‌తో రాసి ఉంది, "పెద్దోడు, నడిపోడు, పాప". అంతే. పేర్లు లేవు. మనవడికి కూడా ఆ పాప ఎవరో తెలియదు. తిరిగొచ్చిన వాళ్లలో ఆడపిల్ల లేదట. అడగడానికి ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరూ మిగల్లేదు. అతనే నన్ను అడిగాడు, సభలో చూపించండి, ముసలివాళ్లెవరైనా గుర్తుపడతారేమో అని. అందుకే తెచ్చాను.

దీనితోపాటు ఆ బల్ల మీద నలభై మూడు ఫోటోలు పరిచాను. స్టూడియోలో కడిగించి, డబ్బు కట్టి, మళ్లీ తీసుకెళ్లడానికి రాని వాళ్లవి. కొన్ని 80ల నాటివి. సైనికులున్నారు, జ్యూట్ మిల్లు వాళ్లున్నారు, పైడితల్లమ్మ సిరిమాను పండగకి వచ్చి తీయించుకున్న కొత్త జంటలున్నాయి. ఇన్నాళ్లూ నేను దాచాను, నాకూ వయసవుతోంది. మీరందరూ ఒకసారి వచ్చి చూడండి, తొందరేం లేదు, తాళాలు వేసే ఆయన్ని ఎనిమిదిన్నర దాకా ఆగమని చెప్పాను. బయట వానలో తడిసి వచ్చినవాళ్లు చేతులు తుడుచుకోండి, తువ్వాలు ఆ పక్కనే ఉంది. అంచులు పట్టుకుని చూడండి. ఎవరైనా తెలిసిన ముఖం కనపడితే కింద చీటీ మీద పేరు రాయండి. పెన్సిళ్లు అక్కడే పెట్టాను.